బుడగలు ఆగాయా?

“ఏ రంగులో వస్తోందే?” తాతయ్య కుర్చీలోంచే అడిగాడు.

ఆరిందా కారు ముందు నేల మీద బోర్లా పడుకుని చూస్తోంది. రేడియేటర్ అడుగు నుంచి, ఇంజన్‌ని చల్లబరిచే పాత కూలెంట్ సన్నటి ధారగా వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలోకి పడుతోంది.

“తుప్పు రంగు తాతయ్యా.”

“తుప్పంటే? పాత మేకు రంగా, తడిసిన ఇటుక రంగా?”

ఆమె ఇంకాస్త ముందుకు జరిగింది. “ఇటుకే. నల్లటి నలకలు కూడా ఉన్నాయి.”

“ఇదీ చెప్పడమంటే. అమ్మాయ్, విన్నావుగా? నలకలు పోయేదాకా కడగాలి.”

ఆ చివరి మాట అమ్మతో. అమ్మ చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. “విన్నాను నాన్నా,” అంది.

ఆ ఇంట్లో కారు పని ఎప్పుడూ ఇలాగే జరుగుతుంది. తాతయ్య చాలాకాలం బస్సుల డిపోలో ఇంజన్లు బాగుచేశాడు. ఇప్పుడు ఆయన కిడ్నీలు పనిచేయడం లేదు. రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ మెషీన్ పక్కన పడుకోవాలి. వంగలేడు. చూపు కూడా మసకబారింది. అందుకని తెలివి తాతయ్యది, చేతులు అమ్మవి, కళ్ళు ఆరిందావి.

ఆమెకి బళ్ళో పిలిచే పేరు వేరే ఉంది. ఇంట్లో మాత్రం ఆరిందా. ప్రశ్న పూర్తి కాకముందే పెద్దదానిలా జవాబు చెప్పేస్తుందని తాతయ్య పెట్టిన పేరు అది.

ధార ఆగిపోయింది. అమ్మ కింద మర బిగించి, పైనుంచి మంచినీళ్ళు పోసింది. ఇంజన్ కాసేపు నడిపింది. చల్లారనిచ్చి, మళ్ళీ కింద మర విప్పింది. ఈసారి లేత పసుపు రంగు నీళ్ళు వచ్చాయి.

“ఇంకా నలకలున్నాయి,” అంది ఆరిందా.

“అయితే మళ్ళీ పొయ్యాలి,” అన్నాడు తాతయ్య. “చూడు దాని వైభోగం! కారుకేమో బక్కెట్లకి బక్కెట్లు. నాకేమో కొలిచి పోసిన గుక్కలు.”

కిడ్నీలు పనిచేయని మనిషి దాహమైనంత నీళ్ళు తాగకూడదు. తాగిన నీళ్ళు ఒంట్లోనే ఉండిపోతాయి. కాళ్ళు వాస్తాయి, ఊపిరి ఆడదు. ఆ సంగతి ఆరిందాకి తెలుసు.

“దానికీ నాకూ ఒకటే జబ్బు,” అన్నాడు తాతయ్య. “లోపలి మురికి తనంతట తాను పోదు. ఎవరో ఒకళ్ళు కడగాలి. కాకపోతే దానికి ఏ రెండేళ్ళకో ఒకసారి. నాకు రోజు విడిచి రోజు.”

“నాన్నా, అలా మాట్లాడకు,” అంది అమ్మ.

“సరే, మాట్లాడను. ఆ తొట్టి మీద మూత పెట్టించు ముందు. ఆ పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, తాగితే విషం. ఏ కుక్కో పిల్లో రుచి చూసిందంటే పాపం మనదే.”

ఆరిందా గబగబా లేచి తొట్టి మీద చెక్క మూత వేసింది. అమ్మ తర్వాత దాన్ని డబ్బాలోకి వంపి గట్టిగా బిరడా బిగించింది. దగ్గర్లోని ఒక వర్క్‌షాప్‌లో అలాంటి పాత కూలెంట్ తీసుకునే చోటుంది. కాలవలో పారబొయ్యడం తాతయ్య ఒప్పుకోడు.

నీళ్ళు తేటగా వచ్చేసరికి ఎండ గోడ ఎక్కింది. అమ్మ ఆకుపచ్చటి కొత్త కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి రేడియేటర్ నిండా పోసింది. మూత పెట్టకుండానే ఇంజన్ స్టార్ట్ చేసి, కూలెంట్ హీటర్ గొట్టాల్లోకి కూడా వెళ్ళేలా హీటర్ పూర్తిగా తిప్పింది.

“ఇప్పుడు నీ పనే, ఆరిందా,” అన్నాడు తాతయ్య. “ఆ పీట మీద నిలబడు. దగ్గరికి వెళ్ళకు, చెయ్యి పెట్టకు. దూరం నుంచే ఆ నోట్లోకి చూస్తూ ఉండు.”

“బుడగలు చూడాలి. నాకు తెలుసుగా.”

“ఏం తెలుసు? పూర్తిగా విను. మొదట ఏమీ రావు. నీళ్ళు బుద్ధిగా నిలబడి ఉంటాయి. అయిపోయిందనుకుంటావు. కాదు. ఇంజన్ బాగా వేడెక్కాక లోపల చిన్న తలుపొకటి తెరుచుకుంటుంది. అప్పుడు నీళ్ళ మట్టం దిగుతుంది. లోపల ఇరుక్కున్న గాలి బుడగలు బుడగలుగా పైకొస్తుంది. మట్టం దిగగానే అమ్మని పిలువు, వచ్చి పోస్తుంది. బుడగలు పూర్తిగా ఆగాకే మూత.”

“ముందే పెట్టేస్తే?”

“గాలి లోపలే ఉండిపోతుంది. గాలి ఉన్నచోటికి కూలెంట్ వెళ్ళదు. కూలెంట్ వెళ్ళని చోట ఇంజన్ ఉడికిపోతుంది.”

అమ్మ తొడుగులు విప్పి, తాతయ్య మందులు తేవడానికి లోపలికి వెళ్ళింది. తాతయ్య తల కుర్చీ వీపుకి ఆనించాడు. కాసేపటికి ఆయన కళ్ళు మూతలు పడ్డాయి.

ఆరిందా పీట మీద నిలబడి చూసింది. ఆకుపచ్చటి నీళ్ళు. గుండ్రటి నోరు. ఇంజన్ శబ్దానికి నీళ్ళ మీద సన్నటి వణుకు. అంతే.

ఎంతసేపు చూసినా అంతే.

“ఒసేయ్ ఆరిందా!”

గోడ మీంచి పక్కింటి స్నేహితురాలి తల కనిపించింది. ఆమెని అందరూ పొడుగుకాళ్ళు అంటారు. ఇప్పుడు ఇంకా పొడుగ్గా ఉంది.

“కొత్త స్కేట్స్ వేసుకున్నా! నీకూ సరిపోతాయి. రా, ఒక్కసారి!”

“పనిలో ఉన్నానే.”

“ఏం పని? నీళ్ళకేసి చూడ్డమా? అవేమన్నా పారిపోతాయా?”

ఆరిందా నీళ్ళకేసి చూసింది. నిజమే, అవెక్కడికీ పోవడం లేదు. తాతయ్య సన్నగా గురక పెడుతున్నాడు. అమ్మ ఇంకా లోపలే ఉంది.

ఒక్కసారే కదా అనుకుంది. గోడ పక్క సందులోంచి వెళ్ళింది. ఒకసారి గోడ పట్టుకుని జారింది. రెండోసారి పొడుగుకాళ్ళ చెయ్యి పట్టుకుని జారింది. మూడోసారి ఏదీ పట్టుకోకుండా జారి, చతికిలబడి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ తర్వాత ఎన్నిసార్లో లెక్కే లేదు.

గుర్తొచ్చి పరుగెత్తుకుని వచ్చేసరికి రేడియేటర్‌లో మట్టం దిగిపోయి ఉంది. పీట ఎక్కి తొంగిచూసింది. బుడగలేమీ లేవు. వచ్చి ఆగాయో, వచ్చే మధ్యలో ఉన్నాయో, ఆమెకి తెలియదు.

అమ్మ మందుల డబ్బాతో బయటికొచ్చింది. “ఏమే, బుడగలు ఆగాయా?”

చూడలేదని చెప్పొచ్చు. కానీ వెంటనే ‘ఎక్కడికెళ్ళావ్?’ అనే ప్రశ్న వస్తుంది.

“ఆగిపోయాయమ్మా.”

తాతయ్య కళ్ళు తెరిచాడు. “చూశావా?”

“చూశాను.”

“బాగా వచ్చాయా?”

“ఆఁ... చాలా వచ్చాయి తాతయ్యా. ఇప్పుడు ఆగిపోయాయి.”

ఒక అబద్ధం ఇంకో అబద్ధాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

“మట్టం దిగితే పిలవమన్నానుగా?” అన్నాడు తాతయ్య.

“ఇప్పుడే దిగింది. పిలుద్దామనుకుంటున్నా, అమ్మే వచ్చింది.”

అమ్మ తగ్గినంత పోసింది. మూత పెట్టి బిగించింది. “భలే పని చేశామే మన ముగ్గురం,” అని ఆరిందా జుట్టు చెరిపింది. ఆరిందాకి ఎందుకో ఆ చెయ్యి త్వరగా తీసేస్తే బాగుండుననిపించింది.

* * *

మర్నాడు బడికి సెలవు. తాతయ్యతో పాటు ఆరిందా కూడా కారెక్కింది. తాతయ్య ముందు సీట్లో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఆసుపత్రికి వెళ్ళే రోజు ఆయనకి పొద్దుటి నుంచే చలేస్తుంది.

“హీటర్ వెయ్యమ్మాయ్.”

అమ్మ తిప్పింది. కొంతదూరం వెళ్ళాక తాతయ్య గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టి చూశాడు. “ఇదేంటి? చల్లగాలి కొడుతోంది.”

“ఇంకా వేడెక్కలేదేమో నాన్నా.”

“ఇంతదూరం వచ్చాక వేడెక్కకపోవడమేంటి? ఆ వేడి చూపించే సూది ఎక్కడుందో చూడు.”

అమ్మ చూసింది. “ఎర్ర గీత దగ్గరికి వచ్చేసింది.”

“పక్కకి ఆపు. ఇంజన్ కట్టేయ్. మూత మాత్రం ముట్టుకోకు, మొహం కాలుతుంది.”

కారు రోడ్డు పక్కన, షట్టర్ వేసి ఉన్న ఒక దుకాణం ముందు ఆగింది. బానెట్ సందుల్లోంచి సన్నటి ఆవిరి వస్తోంది. వెనకనుంచి వచ్చే బళ్ళు హారన్ కొట్టి పక్కనుంచి పోతున్నాయి.

తాతయ్య కళ్ళు చిట్లించి ఆ ఆవిరికేసి చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. “హీటర్ చల్లగా ఉంది, ఇంజన్ కాగిపోతోంది. లోపల గాలి పట్టింది అమ్మాయ్. అదే.”

“గాలి తీశాం కదా నాన్నా?”

“తీశాం.” తాతయ్య వెనక్కి తిరిగాడు. “బుడగలు ఆగాయన్నావుగా?”

ఆరిందా తల ఊపింది.

“పిల్ల కళ్ళతో చూసింది,” అన్నాడు తాతయ్య, తనలో తను అనుకుంటున్నట్టు. “అయితే గాలి కాదు. ఇంకేదో. నేనే ఏదో మర్చిపోయి ఉంటాను.”

“నువ్వెందుకు మర్చిపోతావు నాన్నా? నేనే ఎక్కడో సరిగ్గా బిగించలేదు.”

“లేదమ్మాయ్. చేతులు నావి కావు కాబట్టి చెప్పడమన్నా సరిగ్గా చెప్పాలి. నిన్న మధ్యలో నిద్రపోయాను కూడా. మందులు బుర్రని కూడా తింటున్నాయేమో. ఇకనుంచి నన్నడక్కండి. ఎవరన్నా మెకానిక్‌నే అడగండి.”

ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆరిందాని భయపెట్టింది. తాతయ్య ఇంజన్ గురించి ‘నన్నడక్కండి’ అనడం ఆమె ఎప్పుడూ వినలేదు.

అమ్మ టైం చూసింది. ఆసుపత్రిలో తాతయ్య మెషీన్ ఖాళీగా ఎదురుచూస్తూ ఉంటుంది. ఆయన తర్వాత దాని కోసం ఇంకొకరు వస్తారు. రోడ్డు మీదికి వెళ్ళి చెయ్యి ఊపింది. కార్లు ఆగలేదు. చివరికి దుకాణాలకి రొట్టెలు వేసే వ్యాన్ ఒకటి ఆగింది.

“ఏమైందక్కా?” అన్నాడు డ్రైవర్.

అమ్మ చెప్పింది. అతను తాతయ్య వాచిన పాదాలకేసి చూశాడు. వెంటనే తలుపు తీశాడు. “రండి పెద్దాయనా. రొట్టెలు ఓ అరగంట ఆలస్యమైతే ఎవరూ ఉపవాసం ఉండరు.”

“నువ్వు తాతయ్యతో వెళ్ళు,” అంది అమ్మ. “కారు చల్లారాక నీళ్ళు పోసుకుని మెల్లగా వచ్చేస్తాను. తాతయ్యని చూసుకో.”

వ్యాన్‌లో వేడి రొట్టెల వాసన నిండి ఉంది. ఇంకోరోజైతే ఆరిందా నోరూరేది. తాతయ్య వేళ్ళు మడుస్తూ గొణుగుతున్నాడు.

“పాతది తీశాం. కడిగాం. తేట నీళ్ళు వచ్చేదాకా కడిగాం. సగానికి సగం కలిపాం. హీటర్ వేశాం. గాలి తీశాం...” ఆగి, మళ్ళీ మొదటి వేలు పట్టుకున్నాడు. “పాతది తీశాం. కడిగాం...”

“తాతయ్యా...” అంది ఆరిందా.

“ఊఁ?”

డ్రైవర్ అద్దంలోంచి చూస్తున్నాడు. ఆరిందా చూపు రొట్టెల మీదికి తిప్పుకుంది. “ఏం లేదు,” అంది.

తాతయ్య మళ్ళీ వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు.

* * *

మామూలుగా ఆరిందా బయట బెంచీ మీద కూర్చుంటుంది. ఈరోజు పెద్దవాళ్ళెవరూ లేరని సిస్టర్ ఆమెని లోపలికి రానిచ్చింది. మంచం పక్కన చిన్న స్టూల్ వేసింది.

“ఇంత ఆలస్యమైతే ఎలా తాతగారూ?” అంది సిస్టర్, చకచకా పని చేసుకుంటూనే. “తర్వాత వాళ్ళని పంపించలేను కదా. ఇవాళ మీకు పూర్తి టైం కుదరదు.”

“కుదిరినంతే కానియ్యమ్మా.”

“మళ్ళీ వచ్చేదాకా నీళ్ళు ఇంకొంచెం తగ్గించాలి మరి.”

“తగ్గించడానికి ఏముంది తల్లీ అక్కడ?” తాతయ్య నవ్వబోయాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నాలుకతో తడుపుకున్నాడు.

ఆరిందా తల దించుకుంది.

ఎర్రటి గొట్టాల్లోంచి తాతయ్య రక్తం మెషీన్‌లోకి వెళ్ళి, శుభ్రపడి మళ్ళీ తిరిగి వస్తోంది. సిస్టర్ గొట్టం మధ్యలో ఉన్న చిన్న గాజులాంటి గదిని వేలితో తట్టి, కళ్ళు చిట్లించి చూసింది.

“అందులో ఏం చూస్తున్నారు?” అడిగింది ఆరిందా.

“గాలి. బుడగ ఉంటే మనిషి ఒంట్లోకి పోకూడదు. ప్రమాదం.”

ఆరిందా స్టూల్ ముందుకి జరుపుకుని ఆ గదికేసి చూసింది. “మెషీన్ చూసుకోదా?”

“చూసుకుంటుంది. గంట కూడా కొడుతుంది. అయినా నేనూ చూస్తాను.”

“ఏమీ లేనప్పుడు విసుగు రాదా?”

“ఎందుకు రాదూ? బోలెడు వస్తుంది.”

అప్పుడే గది అవతలి నుంచి పెద్ద సిస్టర్ కేక వేసింది. “ఆ కిటికీ పక్క బెడ్ గొట్టం చూశావా?”

“లేదు మేడం, చూడలేదు,” అంది ఈ సిస్టర్. “ఈ పాపతో మాట్లాడుతున్నాను. ఇప్పుడు చూస్తా.”

“త్వరగా చూడు.”

“ఆఁ,” అని సిస్టర్ అటు వెళ్ళింది. అంతే. ఎవరూ అరవలేదు. ఎవరూ తిట్టలేదు. ఈ సిస్టర్ అంత పెద్దదయ్యుండీ, అంతమంది ముందు, ‘చూడలేదు’ అని ఎంత మామూలుగా అనేసిందో!

తాతయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. దుప్పటి మీద ఆయన వేళ్ళు ఇంకా కదులుతున్నాయి. ఒక వేలు. ఇంకో వేలు. మళ్ళీ మొదటి వేలు.

ఆరిందా ఆ చేతిని పట్టుకుంది.

“తాతయ్యా, నేను బుడగలు చూడలేదు.”

వేళ్ళు ఆగాయి.

“పక్కింటికి వెళ్ళాను. స్కేట్స్ వేసుకున్నాను. వచ్చేసరికి మట్టం దిగి ఉంది. ఆగాయో లేదో తెలీదు. ఊరికే చెప్పేశాను.”

తాతయ్య కళ్ళు తెరవలేదు. ఆరిందాకి ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికి కూడా సిగ్గేసింది.

“అయితే గాలే,” అన్నాడు తాతయ్య చివరికి.

“ఊఁ.”

“నేనేమీ మర్చిపోలేదు.”

“లేదు తాతయ్యా. నువ్వు అన్నీ సరిగ్గానే చెప్పావు.”

“ఏమీ మర్చిపోలేదు,” అని ఆయన ఇంకోసారి అన్నాడు. గట్టిగా ఊపిరి వదిలాడు. మూసిన కళ్ళ చివర తడి మెరిసింది.

“నా మీద కోపం రాలేదా?”

“వచ్చింది. చాలా వచ్చింది. ఇప్పుడు కోప్పడే ఓపిక లేదు. ఇంటికెళ్ళాక, బాగా నిద్రపోయి లేచి, తీరిగ్గా కోప్పడతాను.” కాస్త ఆగి అన్నాడు. “ముందు మీ అమ్మకి చెప్పు. మెకానిక్ వచ్చి పంపులూ గింపులూ విప్పేలోపు చెప్పు.”

* * *

అమ్మ వచ్చేసరికి చెమటకి ఆమె చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. వరండాలో బెంచీ మీద కూలబడింది.

“మధ్యలో ఆపుకుంటూ ఆపుకుంటూ ఎలాగో తెచ్చాను. మెకానిక్‌కి ఫోన్ చేశాను. కారు రేపు వదిలేసి వెళ్ళమంటున్నాడు, పంపు విప్పి చూడాలట. తాతయ్య ఎలా ఉన్నారు?”

ఆరిందా అమ్మ ఎదురుగా నిలబడింది. తాతయ్యకి చెప్పినదంతా మళ్ళీ చెప్పింది. రెండోసారి చెప్పడం తేలికవుతుందనుకుంది. కాలేదు.

అమ్మ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది.

“ఎండలో రోడ్డు మీద నిలబడి నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో తెలుసా? చేతకాని పనికి ఎందుకు పూనుకున్నానా అని.”

“తెలీదమ్మా.”

“తాతయ్య మెషీన్ టైం తగ్గింది. అది తెలుసా?”

“తెలుసు.”

అమ్మ లేచి, కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుంది. తిరిగొచ్చి మెకానిక్‌కి ఫోన్ చేసి, పంపు విప్పక్కర్లేదని చెప్పింది.

తాతయ్య బయటికొచ్చేవరకు ఇద్దరూ ఆ బెంచీ మీదే కూర్చున్నారు. మధ్యలో ఎప్పుడో అమ్మ తన మోచెయ్యి ఆరిందా భుజానికి తగిలేలా కొంచెం పక్కకి జరిగింది.

* * *

ఆసుపత్రి పార్కింగ్‌లో కారు పూర్తిగా చల్లారి ఉంది. అమ్మ గొట్టం మీద చెయ్యి వేసి చూసుకుని, మందపాటి గుడ్డతో పట్టుకుని మూత నెమ్మదిగా తిప్పింది. మట్టం చాలా కిందికి ఉంది. డిక్కీలోంచి మిగిలిన కూలెంట్ డబ్బా తెచ్చి నింపింది.

“ఇంజన్ వెయ్యి. హీటర్ పూర్తిగా తిప్పు,” అన్నాడు తాతయ్య. ఆయన వెనక సీట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. డయాలసిస్ అయ్యాక ఆయనకి కూర్చునే ఓపిక కూడా ఉండదు. ఎప్పుడెప్పుడు ఇంటికి వెళ్ళి తన మంచం మీద వాలదామా అని ఉంటుంది. అయినా గొంతు మాత్రం నిన్నటి గొంతే.

ఆరిందా పార్కింగ్ అంచున ఉన్న సిమెంటు దిమ్మె ఎక్కింది. అక్కడి నుంచి రేడియేటర్ నోరు సరిగ్గా కనిపిస్తోంది.

మొదట ఏమీ రాలేదు. నీళ్ళు బుద్ధిగా నిలబడ్డాయి. పక్కన ఒక కారు వచ్చి ఆగింది. ఎవరో దిగారు. ఒక చిన్నపిల్లాడు బెలూన్ పట్టుకుని పోతున్నాడు. ఆరిందా తల తిప్పలేదు.

ఉన్నట్టుండి మట్టం దిగింది.

“అమ్మా, దిగింది!”

అమ్మ పోసింది. వెంటనే బుళబుళమని బుడగలు మొదలయ్యాయి. పెద్దవి, చిన్నవి, గుత్తులు గుత్తులుగా. ఆరిందా నోరు తెరుచుకుని చూసింది. నిన్న ఇన్ని వచ్చి ఉంటాయి. వీటిల్లో ఒక్కటి కూడా తను చూడలేదు.

అమ్మ గుడ్డతో పైగొట్టాన్ని పట్టుకుని నొక్కింది. ఇంకొన్ని వచ్చాయి. మళ్ళీ పోసింది. మళ్ళీ వచ్చాయి. చాలాసేపటికి గుత్తులు తగ్గి, ఒకటీ అరా రావడం మొదలైంది.

వెనక సీట్లో తాతయ్యకి దగ్గు తెర వచ్చింది. ఆగకుండా దగ్గుతున్నాడు. ఆరిందా చటుక్కున అటు తిరిగింది. ఆయన చెయ్యి ఊపి, ఫరవాలేదన్నట్టు సైగ చేసి, తల కిందికి వాల్చేశాడు. మొహం పాలిపోయి ఉంది.

ఆరిందా ఇటు తిరిగింది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి.

అమ్మ కారులోకి తొంగిచూసి వచ్చింది. మూత చేతిలోకి తీసుకుంది. “బాగా అలిసిపోయారే. త్వరగా ఇంటికి వెళ్ళిపోవాలి. ఆగాయా?”

నీళ్ళ మీద ఒక్క బుడగ కూడా లేదు. ఆగాయంటే అమ్మ నమ్ముతుంది. నిజంగానే ఆగి ఉండొచ్చు కూడా. తాతయ్య వెంటనే ఇంటికి వెళ్ళి పడుకోవచ్చు.

“తెలీదమ్మా,” అంది ఆరిందా. “తాతయ్య దగ్గితే అటు చూశాను. ఆ కాసేపూ ఇటు చూడలేదు. మళ్ళీ చూడాలి.”

అమ్మ తాతయ్యకేసి చూసింది. చేతిలోని మూతకేసి చూసింది. “సరే, చూడు,” అంది.

ఆరిందా చూసింది. నీళ్ళు అలాగే ఉన్నాయి. ఎండకి ఆమె మెడ చురుక్కుమంటోంది. కాళ్ళు లాగుతున్నాయి. నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి.

అప్పుడు అడుగు నుంచి, ఉసిరికాయంత బుడగ ఒకటి నెమ్మదిగా పైకొచ్చి ‘బుళుక్’మని పగిలింది.

“ఇంకోటి వచ్చిందమ్మా!”

అమ్మ డబ్బా అందుకుని కొంచెం పోసింది.

ఆ తర్వాత అమ్మ ఆగాయా అని అడగలేదు. టైం కూడా చూసుకోలేదు. మూత చేత్తో పట్టుకుని, ఆరిందా చెప్పేదాకా అలా నిలబడింది.